తలకు పట్టించిన ఈస్టు

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి: నేను లేకపోతే ఫిల్మ్‌నగర్‌కు దిక్కులేదని, నాకన్నా పెద్దవాళ్లకు ఏమీ తెలియదని. మొదటిదాన్ని, నేను అసిస్టెంటుగా పనిచేసే సినిమా ఎడిటర్‌గారు తొందరగానే వదిలించారు. రెండోది వదలడానికే చాలా సిగ్గుపడాల్సి వచ్చింది.

షేక్‌పేట వైపు ఒక అర్చకుల ఇంటి మేడమీద గదిలో, సౌండ్ పని చేసే స్నేహితురాలితో కలిసి అద్దెకుండేదాన్ని. ఆమెను అందరూ సౌండమ్మ అనేవారు (నోరు తెరిస్తే మైకు అక్కర్లేదు). సౌండమ్మకు బీరు కాయడం ఎలాగో పట్టుబడింది. బార్లీ నీళ్లు బకెట్లో పులిసి, బీరు సీసాలకెక్కాక, అడుగున మీగడలాంటి మడ్డి మిగిలేది. అదే ఈస్టు. కాచి చల్లార్చిన నీళ్లలో దాన్ని కలిపి, బరువైన చెత్త అడుక్కి దిగాక, పైనున్న పాలలాంటి నీళ్లను సీసాలోకి వంచి చల్లగా దాచుకుంటే చాలు, పెరుగుకు తోడులాగా తర్వాతి బీరుకు అదే పనికొస్తుంది. దాచడానికి మాకు ఫ్రిజ్ లేదు. కింద ఇంట్లో అర్చకుల భార్య, మా ఆంటీకి ఉంది. ఆవిడ సీసా చూసి ఏందని అడిగితే, జుట్టు రాలకుండా తలకు పట్టించే మందని నేనే చెప్పాను. పాపం, పాలగిన్నె పక్కకు జరిపి చోటిచ్చారు.

శ్రావణ శుక్రవారం గుళ్లో కుంకుమపూజకు మేమూ వెళ్లాం. అక్కడి అర్చకులు ఆంటీవాళ్లాయనే, మా అంకుల్; ఆయన తీర్థమిస్తున్నారు, ఆంటీ పక్కన నిలబడి పూలందిస్తున్నారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే ముక్కు చిట్లించి వెళ్తున్నారు. ఇంతలో గుడి కమిటీ పెద్దాయన వచ్చి, తాగిన వాసనొస్తోందని, ఇక తీర్థం ఇంకొకరితో ఇప్పిస్తామని అంకుల్‌తో అన్నారు. కాఫీకన్నా ఘాటైనది ఎరుగని ఆ మనిషి ఉద్ధరిణిని పాత్రలో పెట్టి తల దించుకున్నారు.

"మా ఆయన తాగలే. వాసన నా తలది," అంటూ ఆంటీ ముందుకొచ్చి తల వంచారు. మా సీసాలోది పొద్దున్నే పట్టించి, వట్టి నీళ్లతో కడుక్కున్నారట. పెద్దాయన వాసన చూశారు (ఆ చూడడంలో కాస్త అనుభవం కనిపించింది). "ఇది బీరమ్మా," అన్నారు మెల్లగా.

ఆంటీ నావైపు తిరిగారు. "గది మందే గద బిడ్డా? జర చెప్పు."

నేను సౌండమ్మ వెనక్కి జరిగాను. సౌండమ్మే నిజం చెప్పింది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎవరికీ వినపడకుండా. పెద్దాయన మళ్లీ చెప్పమన్నారు. ఈసారి గుడంతా విన్నది.

అంకుల్ మీద నింద పోయింది. మేం ఇంటికొచ్చేశాం. ఖాళీ చేయమంటారని బట్టలు సర్దుకుని కూర్చున్నాం. సాయంత్రం ఆవిడే పులిహోర పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. "తాగేదని చెప్తే తిట్టి ఊకునేదాన్ని. నలుగుర్ల మా ఆయన తలకాయ దించుకున్నడు గద," అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ రాత్రికే ఈస్టూ, బీరూ మోరీలో కలిసిపోయాయి.

కొన్నాళ్లకు ఆంటీ నన్ను ఒంటరిగా పట్టుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "జుట్టు మాత్రం మస్తు మెత్తగైంది బిడ్డా. వాసన లేకుండ చేసుడు వస్తదా?"

ఇప్పుడు నాకూ పాపిట పలచబడింది. ఏ కుర్రపిల్లయినా వచ్చి సీసా చూపించి మందంటే, ఏమీ అడక్కుండా ఫ్రిజ్‌లో చోటిచ్చేస్తానేమో.