తూము దగ్గర పుడిసెడు నీళ్లు

జోగేశ్వరరావు మావయ్యగారు కాలువలో నీళ్లు పుడిసెడు తీసుకుని, నోట్లో పోసుకుని, మింగి, తల ఊపితే తప్ప మా మంచినీళ్ల చెరువులోకి చుక్క దిగేది కాదు.

మాది కాలువ చిట్టచివరి ఊరు. బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి. వేసవిలో కాలువలు కట్టేసేలోపు చెరువు నింపుకోవాలి, మళ్లీ వదిలేదాకా ఆ నీళ్లతోనే బతకాలి. తూము తాళం మావయ్యగారి దగ్గరుండేది. ఆయన నాకు సొంత మావయ్య కాదు, మా వీధిలోనే ఉండే రెండెకరాల రైతు. జీతం లేని పనికి అంత చాదస్తం ఎందుకో నాకైతే అర్థమయ్యేది కాదు. చెరువు గట్టుకి గేదెను తోలుకొచ్చిన వాడి ఇంటిదాకా వెళ్లి మరీ తగువు పెట్టుకునేవారు. చెరువులో కాళ్లు కడుక్కున్నాడని మా ఆయన్ని పదిమందిలో దులిపేశారు. ఆ కోపం నాకిప్పటికీ పోలేదు. అయినా సరే, ఆయన తల ఊపందే నేనూ బిందె ముంచేదాన్ని కాదు.

జూన్‌లో కాలువ వదలగానే తూము తెరిచేవారు కాదు. కట్టేసిన రోజుల్లో పేరుకున్న కుళ్లంతా ఆ మొదటి నీటితో కొట్టుకొస్తుంది. దాన్ని కిందికి పోనిచ్చి, గోదావరికి వరద తగిలి ఎర్రనీరు వచ్చేదాకా ఆగేవారు. ఎర్రనీరు వచ్చిందంటే ఇక భయం లేదని ఆయన నమ్మకం, ఊరందరి నమ్మకం కూడా. ఇంటికి తెచ్చుకున్న బిందెలో ఇండుపగింజ అరగదీస్తే కాసేపటికి మట్టి అడుగుకు దిగి పైన నీళ్లు తేటపడేవి. మేం పోనిచ్చిన ఆ మొదటి నీరు ఎటు పోయేదంటారా? మురుగు కాలువలోంచి గోదావరి పాయలోకి. అక్కడ వలలు వేసుకు బతికేవాళ్ల గోల మాకెందుకు? మా చెరువు బాగుంటే చాలనుకున్నాం.

తొంభైల చివర్లో ఎర్రనీటి మీద తెల్లటి నురుగు కనిపించడం మొదలైంది. మొదట్లో వరద నురుగే అనుకున్నారు. ఏటేటా అది పెరుగుతూనే ఉంది, తాగితే నాలిక మీద ఏదో చేదు. ఒకరోజు మావయ్యగారు సైకిలేసుకుని గట్టు వెంబడే ఎగువనున్న టౌనుదాకా వెళ్లారు. సాయంత్రం మా అరుగు మీద కూలబడి చూసిందంతా చెప్పారు. నర్సింగ్‌హోముల వెనక గొట్టాలు, చీరలకు రంగులేసే షెడ్లు, బ్యాటరీలు కడిగే కొట్లు, బంగారప్పని వాళ్ల ఆసిడు, వేలాది ఇళ్ల సబ్బునీళ్లు, అన్నీ డ్రైన్లలో పడి నేరుగా మన కాలువలోకే వస్తున్నాయట.

“వాళ్లు తాగేవి టౌనుకి పైన తోడుకుంటున్నారమ్మా. వదిలేవి టౌనుకి కింద వదులుతున్నారు,” అన్నారు.

మున్సిపల్ ఆఫీసులో ఇంజనీరు కుర్చీ వేసి టీ ఇప్పించి మరీ మాట్లాడాడట. మురుగు ఎక్కడికో అక్కడికి పోవాలి కదండీ, శుద్ధి చేసే ప్లాంటుకి ప్రపోజల్ పంపాం, పైనుంచి రావాలి అన్నాడట. మర్యాదకేం తక్కువ లేదు. ఆయనింటి కుళాయిలో నురుగు రాదు కదా, ఆయనకేం నొప్పి? మావయ్యగారు మళ్లీ వెళ్లారు, సర్పంచిని కూడా వెంటబెట్టుకుని వెళ్లారు. టీ మాత్రం ప్రతిసారీ వచ్చింది.

రెండువేల అయిదులో ఎండలు చంపేశాయి. చెరువు అడుగంటి పచ్చటి పాకుడు మిగిలింది. జూన్ నీరు నల్లగా వచ్చి పోయింది. వానలు పడ్డాక ఎర్రనీరు దిగింది. మావయ్యగారు పొద్దున్నే పుడిసెడు తీసుకోవడం, ఉమ్మేయడం, రేపు చూద్దాం అనడం. ఆ రేపు ఎంతకీ రాలేదు. ఒకప్పుడు ఆగితే మంచినీరు వచ్చేది. ఇప్పుడు టౌను ఏడాది పొడుగునా వదులుతుంటే ఎన్నాళ్లు ఆగినా వెనక వచ్చేది అదే. మాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ఆయన ఆగారు. టౌను నుంచి ఆటోలో వచ్చే నీళ్ల డబ్బాలు మేడలవాళ్లకి సరిపోయేవి, మాకు ఎక్కడివి?

చివరికి ఓరోజు ఊళ్లో ఆడవాళ్లమంతా బిందెలతో తూము దగ్గర నిలబడ్డాం. సర్పంచి తాళం పగలగొట్టమని మనిషిని కూడా పంపాడు. మావయ్యగారు వాణ్ణి ఆగమని, మెట్లు దిగి, పుడిసెడు తీసుకుని ఈసారి మింగారు. మొహం వికారంగా పెట్టారు.

“బాగోలేదు. తాగకండి,” అన్నారు.

నా తోటికోడలు సత్యలక్ష్మి చంకలో నెలల పిల్ల ఉంది. సత్యలక్ష్మి గట్టిగా మాట్లాడే మనిషి కూడా కాదు.

“అయితే ఏం తాగమంటారు మావయ్యగారూ?” అంది.

ఆయన దానికేసి చూశారు, పిల్లకేసి చూశారు. మొలతాడుకున్న తాళంచెవి తీసి తనే తూము తెరిచారు. నురుగుతో సహా నీళ్లు చెరువులోకి పడ్డాయి. ఆయన తల ఊపుతారేమోనని ఒక్కరం కూడా చూడలేదు. బిందెలు ముంచేశాం. అందరికంటే ముందు ముంచినదాన్ని నేనే.

ఆ రాత్రి మావయ్యగారి భార్య వీరవేణి అత్తయ్యగారు ఎప్పట్లాగే ఇండుపగింజ అరగదీశారు. మట్టి దిగింది. సబ్బూ ఆసిడూ దిగుతాయా? తేటనీళ్లు గ్లాసుతో ఇచ్చి, ఎలా ఉన్నాయండీ అని అడిగారట.

ఆయన గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టి, “నీళ్లే కదే,” అన్నారట.