మెడ మీద గడ్డ, ఇంటినిండా ప్రార్థన

మా అమ్మాయి మెడ మీద గడ్డను మొదట చూసింది నేను కాదు, మా అత్తగారు. ఆవిడకి చూపు సరిగా ఆనదు. అయినా ఇంట్లో ఏం తేడా వచ్చినా ముందు ఆవిడకే కనపడుతుంది. గడ్డ ఉసిరికాయంత ఉంది. "కల్లాల్లో మిరపకాయల మీద గెంతింది కదా, వేడిగడ్డ" అని తేల్చేసి, సున్నమూ బెల్లమూ కలిపి పట్టు వేసింది. గడ్డ తగ్గలేదు సరికదా, వీధిలో చీమలన్నీ వచ్చి పిల్ల మెడ చుట్టూ చేరాయి.

నేను అద్దంకిలో సర్కారు బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన పత్తి మిల్లులో సూపర్‌వైజరు. పిల్ల అప్పుడు ఏడో తరగతి. మా ఊరి డాక్టరు గారి మాత్రలకి గడ్డ లొంగకపోయేసరికి గుంటూరు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు ఎక్స్‌రే తీయించి, గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు.

"ఏమై ఉంటుందండీ?" అన్నాను.

"ఏదైనా కావచ్చమ్మా. వారంలో రిపోర్టొస్తుంది, చూద్దాం."

ఇన్నేళ్లుగా తెలుగు చెబుతున్నాను, 'ఏదైనా' అన్నది అంత చెడ్డ మాట అని నాకు తెలియదు. బస్సు చిలకలూరిపేట దాటేదాకా ఆ మాటలో ఏమేం పడతాయో ఆలోచిస్తూనే ఉన్నాను. పక్కన మా అమ్మాయి మెడకి కట్టుతో, "మమ్మీ, జబ్బు చేసినోళ్లు ఏదడిగితే అది కొనిపెడతారంట కదా?" అంటోంది.

ఎవరికీ చెప్పొద్దని అత్తగారిని బతిమాలాను. ఆవిడ మాట నిలబెట్టుకుంది. "ఎవరికీ చెప్పొద్దంది మా కోడలు" అని ముందు చెప్పి, ఆ తర్వాతే అసలు సంగతి చెప్పింది. సాయంత్రానికి పాస్టరు గారూ, ఆయన వెనక సంఘంలోని ఆడవాళ్లూ వచ్చి ముందుగదిలో చాపల నిండా కూర్చున్నారు. మా అమ్మాయిని మధ్యలో కూర్చోబెట్టారు. పాస్టరు గారు మంచివాడే. కాకపోతే దేవుడికి చెవుడని ఆయనకెవరో చెప్పి ఉంటారు.

"ప్రభువా! ఈ చిన్నబిడ్డ మీదికొచ్చిన క్యాన్సరు అనే మహమ్మారిని..." అని ఎత్తుకున్నాడు.

ఆ మాట నేనూ మా ఆయనా ఒకరి దగ్గర ఒకరం కూడా ఎత్తలేదు. కళ్లు తెరిచి చూస్తే, పిల్ల కూడా కళ్లు తెరిచి నావైపే చూస్తోంది.

"ఆమెన్!" అన్నాను, ప్రార్థన మధ్యలో, గట్టిగా. అలవాటు కొద్దీ అందరూ ఆమెన్ అనేశారు. పాస్టరు గారు తడబడి కళ్లు తెరిచాడు.

"టీ చల్లారిపోద్దండీ అయ్యగారూ" అన్నాను. టీ అప్పటికింకా పొయ్యి కూడా ఎక్కలేదు.

అందరూ వెళ్లాక పిల్ల నా పక్కన చేరింది. "మమ్మీ, నాకు క్యాన్సరా?"

"తెలీదమ్మా. రిపోర్టొస్తే తెలుస్తుంది."

"కాదని చెప్పొచ్చుగా!"

"తెలిస్తే చెప్పనా తల్లీ?"

"అయితే అప్పటిదాకా నేను లెక్కలు చెయ్యను" అంది.

"చెయ్యొద్దులే" అన్నాను. వంటగదిలోకెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చాను.

ఆ వారమంతా మా ఇంట్లో ఎవరి పిచ్చి వాళ్లది. మా ఆయన తెల్లారితే చాలు బండి తుడవడానికి కూర్చునేవాడు. రంగు లేచిపోయేదాకా తుడిచాడు. అత్తగారు నా పప్పుచారు బాగుందంది. నాకు నిజంగా భయమేసింది అప్పుడే. రిపోర్టు వాట్సాప్‌లో పంపుతామన్నారు కనక, ఫోను టింగుమంటే చేతిలో పని వదిలేసి పరిగెత్తేదాన్ని. తీరా చూస్తే మా తమ్ముడు పంపిన గులాబీలు, కింద శుభోదయం. ఒకరోజు ఉండబట్టలేక వాడికి ఫోను చేసి, "ఒరేయ్, ఇంకొక్క పువ్వు పంపావంటే నీ ఫోను బావిలో పడేస్తా" అని అరిచాను. మర్నాడు పువ్వు లేకుండా ఉత్త శుభోదయం పంపాడు.

నేనూ ప్రార్థన చేశాను, కాదనను. కాకపోతే నాది యార్డులో మిరపకాయల బేరంలా ఉంటుంది. "దానికి బదులు నా మెడ తీసుకోకూడదా? పాతదే గానీ గట్టిది" అన్నాను.

చివరికి రిపోర్టు వచ్చింది. అంతా ఇంగ్లీషే, నోరు తిరగని పొడుగాటి మాటలు. గూగుల్లో వెతకబోతే మా ఆయన ఫోను లాక్కుని, "ముందు బస్సెక్కు" అన్నాడు. ముగ్గురం గుంటూరు వెళ్లాం.

డాక్టరు చదివి తలెత్తాడు. "టీబీ అమ్మా. గ్రంథులకొచ్చింది. ఎక్స్‌రే బాగుంది, ఊపిరితిత్తుల్లో ఏం లేదు, కాబట్టి దీన్నుంచి ఎవరికీ అంటదు. ఆరు నెలలు మందులు మానకుండా వాడితే తగ్గిపోద్ది."

"టీబీయేనా సార్? ఇంకేం లేదుగా?" అన్నాడు మా ఆయన.

"ఇంకేం కావాలండీ మీకు?"

మా ఆయన లేచి డాక్టరు చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు. "థాంక్స్ సార్, చాలా థాంక్స్!" కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. డాక్టరు కంగారుపడి మంచినీళ్లు తెప్పించాడు.

దారిలో లడ్లు కొని, ఊరు చేరగానే వీధంతా పంచాను. "ఏంటి టీచరుగారూ విశేషం?" అని అడిగింది పక్కింటావిడ.

"మా అమ్మాయికి టీబీ అండీ!"

లడ్డు నోటి దాకా తీసుకెళ్లి అక్కడే ఆపేసింది పాపం. ఇంట్లో అత్తగారు, "దానికి గ్లాసు వేరే పెట్టాలేమోనే" అని నసిగింది.

"దాన్నుంచి ఏమీ అంటదంట అత్తయ్యా. ఊరంతా అంటించింది మీ నోరే" అన్నాను. మర్నాడు నా పప్పుచారులో ఉప్పు ఎక్కువైందంది. ప్రాణం కుదుటపడింది.

ఆదివారం గుడిలో పాస్టరు గారు సాక్ష్యం చెప్పాడు. "దేవుడు ఆ బిడ్డ క్యాన్సరును టీబీగా మార్చాడు, హల్లెలూయ!"

నేను మా ఆయన చెవిలో, "అంత దిగినవాడు ఇంకొంచెం దిగి జలుబు చెయ్యలేకపోయాడా?" అన్నాను. మనిషి అన్ని రోజులుగా నవ్వలేదేమో, ఒక్కసారిగా నవ్వొచ్చేసింది. దాన్ని కప్పుకోబోయి దగ్గాడు. టీబీ ఇంటి మనిషి దగ్గేసరికి ముందు బెంచీ అంతా ఖాళీ అయింది. మా అమ్మాయి దర్జాగా వెళ్లి అక్కడ కాళ్లు చాపుకుని కూర్చుంది.

మందులు మొదలెట్టిన మర్నాడు బాత్రూములోంచి కేక: "మమ్మీ! నాకు నారింజరంగులో వస్తోంది!" మాత్రల వల్ల అలా వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. నేను ఆ సంగతి గుర్తుచేసేలోపే బడికి పరిగెత్తి, తరగతిలో అందరికీ చెప్పుకుని గొప్పదైపోయింది. గడ్డ మెల్లగా మెత్తబడి, మందులు పూర్తయ్యేసరికి తడిమినా దొరకలేదు. మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మెడ మీద ముక్క తీసినచోట చిన్న గాటు మిగిలింది. ఎవరైనా అడిగితే, చిన్నప్పుడు చిరుతపులి గీరిందని చెబుతుంది. కొందరు నమ్ముతున్నారు కూడా.