తమ్ముడి గుమ్మంలో రాజుగారి పెళ్లిపిలుపు

“కార్డుదేముందమ్మాయ్! అది గోడకి తగిలించుకోడానికి. పిలుపంటే నోటితో పిలవడం. న్యూజిలాండు ప్రధానమంత్రికి పోస్టులో పంపితే చాలు, సంతోషంగా విమానమెక్కి వచ్చేస్తాడు. మనవాళ్లకి బంగారంచు కార్డులు నాలుగు పంపు, ‘నన్నెవరూ పిలవలేదే’ అంటారు.”

“మరి పిలవడానికి ఎవరు వెళ్లేవాళ్లు?” అన్నాను, తెలిసే.

“ఇంకెవరు? నేనే. ఆ మొగలాకులు ఇటు జరుపు.”

పిసిలాకి ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్లు. మా కంచెకి అవతలి ఇల్లు ఆమెది. మధ్యాహ్నం ఎండ కాస్త తగ్గాక వరండాలో కాళ్లు చాపుకుని, చాపలల్లడానికి ఆరబెట్టిన మొగలాకుల్ని గవ్వతో సాపు చేస్తూ కూర్చుంటుంది. అప్పుడు వెళ్తే మాటలు దొరుకుతాయి. చేతులు ఖాళీగా ఉంటే ఆమె మాట్లాడదు.

మా దీవుల రాజుగారి భవనంలో ఇరవై ఆరేళ్లు ఆమె పని పిలుపులు తీసుకెళ్లడం. పెళ్లి గానీ పట్టాభిషేకం గానీ, ఇంటింటికీ వెళ్లి నేల మీద కూర్చుని పిలిచేది. మర్యాదకి గుర్తుగా నడుముకి చాప చుట్టుకుని వెళ్లేది. జవాబు వచ్చేదాకా మంచినీళ్లయినా ముట్టేది కాదు. ముందు ఎవరింటికి, తర్వాత ఎవరింటికి అన్నదాంట్లోనే సగం పని ఉండేదట. ఒకసారి ఒక దొరగారి ఇంటి ముందునుంచే ఇంకో దొరగారింటికి వెళ్లిపోయింది. మొదటాయన మూడేళ్లు భవనం గడప తొక్కలేదు.

“ఆ తర్వాత నుంచి సముద్రపు ఒడ్డు చుట్టి వెళ్లేదాన్ని. రెండు మైళ్లు ఎక్కువైతే ఏం? మనిషి మొహం చిన్నబోకుండా ఉంటుంది.”

“మరి మీ తమ్ముణ్ని పిలిచిన సంగతి?”

గవ్వ ఆగింది. నా వైపు చూసి నవ్వింది. “ఎవరు చెప్పారు? మా మరదలేనా? దాని నోట్లో నువ్వుగింజ నానదు.”

ఆమె తమ్ముడు లిసియాతె. వైని ఊరినుంచి జనం ఎన్నుకున్న నాయకుడు. మంత్రుల్ని రాజుగారు కాదు, ప్రజలే ఎంచుకోవాలని ఊరూరా తిరిగి చెప్పినవాడు. భవనం పెరట్లోకి వినపడేలా మైకులో చెప్పినవాడు. ఇరవై ఏళ్ల కిందట రాజుగారి మేనకోడలి పెళ్లి కుదిరినప్పుడు అతన్ని పిలవాలా వద్దా అన్నది పెద్ద తగవైంది. పిలవకపోతే భయపడ్డట్టు. పిలిచాక రాకపోతే, విదేశీ ప్రధానమంత్రుల మధ్య ఖాళీ కుర్చీ పళ్లికిలించుకుని కనపడుతుంది.

పెళ్లి పనులు చూసే సెమిసోనిగారు దానికొక మార్గం కనిపెట్టాడు. పిసిలాని పిలిచి, “మీ తమ్ముడింటికి నువ్వే వెళ్లు. పిలుపు చెప్పాక, అక్కగా నీ మాట కూడా ఒకటి వెయ్యి,” అన్నాడు.

మా దగ్గర అక్క నోరు తెరిచి అడిగితే తమ్ముడు కాదనడు. కాదన్న తమ్ముణ్ని నేనింతవరకు చూడలేదు. పెద్దయ్యాక అక్కాతమ్ముళ్లు ఒక గదిలో కూర్చోరు, పరాచికాలాడుకోరు. ఆమె కన్నా ఎత్తులో అతను కూర్చోడు. అంత మర్యాద మధ్యలో ఉంటుంది గనక, ఆ ఒక్క మాటకి అంత బరువు.

“రాత్రంతా నిద్ర లేదమ్మాయ్,” అంది పిసిలా. “నేనడిగితే వస్తాడు. వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు. తెల్లారేసరికి వాడి వెనక తిరిగినవాళ్లంతా ‘అమ్ముడుపోయాడు’ అంటారు. పదిహేనేళ్లు వాడు తిన్న తిట్లన్నీ వృథా. అలాగని అడక్కుండా ఎలా? భవనం ఉప్పు తిన్నదాన్ని. ఎటు తిరిగినా ఎవరో ఒకరి దగ్గర దొంగనవుతాను.”

“మరేం చేశారు?”

“నడుముకి చాప చుట్టుకుని బస్సెక్కాను. ఇంకేం చేస్తాను!”

వైనిలో దిగి తమ్ముడింటికి వెళ్లింది. మామూలుగా అయితే అక్క వచ్చిందంటే ఇల్లంతా కదిలిపోతుంది. మంచి చాప పరుస్తారు, అతను వెనక గదిలోకి తప్పుకుంటాడు, మరదలు వచ్చి మాట్లాడుతుంది. ఆ రోజు పిసిలా మెట్లెక్కలేదు. ముందురోజు వానకి నానిన గడ్డిలో, మెట్ల కింద చతికిలబడింది. అందరిళ్ల దగ్గరా కూర్చున్నట్టే.

లిసియాతె బయటికొచ్చి చూశాడు. వరండాలో అతను, కింద గడ్డిలో అక్క.

“అక్కా! లే. లే అక్కా, ఊరంతా చూస్తోంది.”

“రాజుగారింటి పిలుపు తెచ్చానండీ,” అంది పిసిలా తలొంచుకుని.

“అండీ ఏమిటి? నన్ను చంపాలనుకున్నావా?”

ఒక్క ఉదుటున మెట్లు దిగి, ఆమెకన్నా కిందుగా ఉండాలని వాలు వైపు బురదలో కూర్చున్నాడు. పిలుపు తెచ్చిన మనిషి పిలుపు అందుకునే మనిషికన్నా కిందే ఉండాలి. అందుకని పిసిలా లేచి, అతన్ని దాటి, ఇంకాస్త కిందికి జరిగింది. అతను మళ్లీ జరిగాడు. అలా ఇద్దరూ జరుగుతూ జరుగుతూ పందుల దొడ్డి దాకా వచ్చారు.

“మా మరదలు వరండాలోంచి కేకేసింది. ‘వదినా, ఇంకో రెండడుగులు జరిగితే గుంటలో పడతారు. ఇద్దరికీ నీళ్లు అక్కడికే పంపనా?’ అని. దాని నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ముండ!”

ఆ నవ్వుకి లిసియాతె ఆగిపోయాడు. ఆమె వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. అక్క మొహం సూటిగా చూస్తూ పెళ్లి మాట వినడం మా దగ్గర తప్పు కదా. వింటున్నానన్నట్టు చెవి మాత్రం ఇటు తిప్పాడు. పిసిలా పిలుపంతా చెప్పింది. పెళ్లికూతురి పేరు, పెళ్లికొడుకు పేరు, రోజు, అతని కుర్చీ ఏ వరసలోనో.

దొడ్లో పందులు గుర్రుమంటున్నాయట.

“ఇది పంపిందెవరు?” అన్నాడు లిసియాతె.

“భవనం.”

“అక్కేమీ అనలేదా?”

“మీ అక్క ఇంటి దగ్గర చాప అల్లుకుంటోందండీ. ఈ సంగతి ఆమెకి తెలీదు.”

ఇది చెప్పేటప్పుడు పిసిలా ఆకు మీదకి వంగింది. నేను కంచె వైపు చూశాను.

“వాడి భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వీపు చూస్తే ఏం తెలుస్తుంది? తర్వాత గొంతు సవరించుకుని, ‘రాజుగారికి నా దండాలు చెప్పండమ్మా. నేను రాలేను,’ అన్నాడు. నన్ను ‘అమ్మా, చెప్పండి’ అన్నాడు, చూశావా! ఇద్దరం కలిసి ఆడిన అబద్ధం అదొక్కటే.”

“మరి సెమిసోనిగారు?”

“అంతెత్తున లేచాడు. ‘అక్కగా అడగమన్నాను కదా!’ అని. ‘అడిగితే వచ్చేవాడండీ. వచ్చేవాడు నా తమ్ముడు. మీరు పిలవమన్నది నాయకుణ్ని,’ అన్నాను. ఆయనకి ఎక్కలేదు. అదే నా ఆఖరి పిలుపు. ఆ తర్వాత నన్ను దుప్పట్లు లెక్కపెట్టే గదిలో వేశారు.”

పెళ్లినాడు ఆ కుర్చీలో ఒక బిషప్పుగారిని కూర్చోబెట్టారు. చర్చిలో పెళ్లి అయ్యాక ఊళ్లవాళ్లు కానుకలతో వరసగా రావడం మొదలైంది. చాపలు, నారబట్టలు, కాల్చిన పందులు, పెండలం గంపలు. పిసిలా చాపల పందిట్లో నిలబడి అందుకుంటోంది. వైని ఊరు వంతు వచ్చింది. నలుగురు కర్రకి వేలాడదీసిన పెండలం గంపని మోసుకొస్తున్నారు. వెనక కొసన, చొక్కా తడిసి, కాళ్లకి జోళ్లు లేకుండా, నడుముకి చాపతో లిసియాతె.

గంప దించి, తన ఊరివాళ్లతో పాటు గడ్డిలో కూర్చున్నాడు. రాజుగారి వైపు తలొంచాడు. తిన్నాడు, లేచి వెళ్లిపోయాడు.

“మర్నాడు వాడి మనుషులు నిలదీశారట, ‘ఎందుకెళ్లావు?’ అని. ‘పిలిస్తే వెళ్లలేదురా. మా ఊరి దుంపలు బరువుగా ఉన్నాయి, మోయడానికి మనిషి తక్కువయ్యాడు,’ అన్నాడట.” పిసిలా గట్టిగా నవ్వింది. నవ్వు ఆగాక కళ్లు ఒత్తుకుంది. “పందిట్లో నా వైపు చూడనైనా చూడలేదు. చూడకూడదు కదా. కానీ ఎవరు రమ్మంటే వచ్చినట్టు? ఎవరూ కాదు. ఆ రోజు వాడు నా తమ్ముడూ, వాళ్ల నాయకుడూ రెండూనూ. నాకు దుప్పట్ల గదైనా ఒకటే, పిలుపుల పనైనా ఒకటే.”

ఆకులు చుట్టచుట్టి పక్కన పెట్టింది. నేను లేచాను. మర్నాడు వైని సంతకి వెళ్లే పనుందని మాటల్లో ముందే చెప్పాను. ఆమె మర్చిపోలేదు.

“సంతకి వెళ్తే వాడింటి మీదుగా వెళ్లు. మోకాళ్లు బాగాలేవని మరదలు చెప్తోంది, అది చెప్పేదాంట్లో సగమే నమ్మాలి. మెట్లు ఎక్కగలుగుతున్నాడో లేదో నీ కళ్లతో చూసి రా. నేను అడిగానని మాత్రం అనకు. అన్నావంటే, పళ్లు బిగించుకుని ఎక్కి చూపిస్తాడు.”