మీఠా పానీ

1970ల్లో ఓసారి బోధన్ రైల్లో నా ఎదుట ఒక ముసలి తోటమాలి కూర్చున్నాడు. వయసులో ఉండగా బొంబాయి సముద్రపొడ్డున ఒక నవాబు మహల్లో పనిచేశాడట.

"మహల్ మెట్ల దాంక అలలొస్తుండె బిడ్డా. ఆడ బేగం కోసం పెట్టిన తోట ఉండె. ఉప్పుగాలికి ఆకులు మాడుతయని పొద్దుగాల మీఠా పానీతోని కడుగుతుంటిమి," అన్నాడు.

"చక్కెర నీళ్లా, చాచా?" అన్నాను. చక్కెర ఫ్యాక్టరీ ఊరిదాన్ని మరి.

పడీపడీ నవ్వాడు. "మంచినీళ్లు బిడ్డా! సముద్రం కాడ గవే మీఠా."

లేని ఆకునొకదాన్ని అరచేత్తో మెల్లగా తుడిచాడు.

"ఇప్పుడు గోడలు తీసి పార్కు జేసిండ్రు. అందరు తిరుగుతున్నరు, మంచిదే. గని ఆకులు ఎవలు కడుగుతున్నరో."

చాలా ఏళ్లకు ఆ పార్కుకు వెళ్లాను. మహలునూ అలలనూ తర్వాత చూశాను. ముందు ఒక ఆకుకు నాలుక ఆనించాను.

ఉప్పగా ఉంది.