ఊరికే డాక్టరమ్మ

ఒక అబద్ధం ఇన్నేళ్లుగా నా నాలుక కింద కుళ్లుతోంది. మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. ఇప్పుడు మీ ముందు ఉమ్ముతున్నాను. అసహ్యం పుడితే మొహం పక్కకు తిప్పుకోండి, నేనేమీ అనుకోను. నాకే నన్ను చూస్తే రోత.

నేను డాక్టరును. నా పేరు మీకెందుకు? ప్రొద్దుటూరులో ఒకప్పుడు నా పేరు తెలియని ఇల్లు లేదు, అంతవరకు చాలు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పడానికే కూర్చున్నాను.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిన కొత్తల్లో నేను మద్రాసులో చదువు ముగించి, రక్తపు జబ్బుల మీద పై శిక్షణ మొదలుపెట్టాను. శిక్షణలో భాగంగా ప్రొద్దుటూరు ఆసుపత్రిలో పని. పొద్దున గేటు తీస్తే సాయంత్రం దాకా జ్వరాలు, పుండ్లు, కాన్పులు. మా ప్రొఫెసరు ఒకటే చెప్పి పంపాడు: వారంలో సగం రోజులు నిన్ను ఎవరూ పనికి పిలవకూడదు, ఆ రోజులు పరిశోధనకే, లేకపోతే నువ్వు సూదులు వేసే మనిషిగానే మిగిలిపోతావు అని. బాగానే ఉంది. ఆ సగం రోజులకు జీతం ఎవరిస్తారు?

రత్నమ్మ ఇచ్చింది. జమ్మలమడుగులో బట్టల వ్యాపారం చేసే ఇంటావిడ. భర్త పోయాక కొట్టు తనే నడిపేది. పెద్దకూతురు తొలికాన్పులో రక్తం ఆగక చనిపోయింది. రత్నమ్మ చెల్లెలూ అలాగే పోయిందట, మేనత్తా అలాగేనట. ఇంట్లో ఆడవాళ్లకు నెలసరి వచ్చిందంటే పక్షం రోజులు తగ్గదు. బయట కూర్చున్న ఆడదాన్ని ఎందుకింకా తగ్గలేదని అడిగేవాళ్లెవరు? ఎవరూ అడగలేదు. రత్నమ్మ అడిగింది. ఆ అడగడం కోసమే నా జీతం.

"నువ్వు ఈడ ఏం పని చెయ్యొద్దు అమ్మా. ఊరికే కూచో. చూడు. ఆలోచన చెయ్యి. పనిలో పడితే ఎవురికీ ఏందీ కనపడదు. నా చిన్నకూతురు కమల కడుపుతో ఉండాది. దాన్ని నాకు మిగిలిస్తే చాలు" అంది.

ఊరికే కూచో. ఆ మాట ఊళ్లో పాకింది. ఆసుపత్రిలో నాకు పేరు పడింది: ఊరికే డాక్టరమ్మ. నర్సులు నవ్వేవాళ్లు. నాతో చదివినవాళ్లకు వాకిట్లో బండ్లు బారులు తీరుతున్నాయి, నేను జమ్మలమడుగు ఇళ్లలో ఆడవాళ్ల చెవులు పొడుచుకుంటూ గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. అవును, అదే నా పరిశోధన. చెవి తమ్మెకు సూదితో చిన్న గాటు పెట్టాలి. కారే రక్తాన్ని అద్దుడు కాగితంతో మాటిమాటికీ అద్దాలి. మచ్చలు చిన్నవై చిన్నవై చివరికి కాగితం తెల్లగా రావాలి. మామూలు మనిషికి కాసేపట్లోనే ఆగిపోతుంది. ఆగకపోతే జబ్బు. ఇంత తేలిక. కానీ ఆగేదాకా కూర్చోవాలి. మధ్యలో లేవకూడదు. ఎవరు పిలిచినా లేవకుండా ఉండడానికే కదా ఆవిడ జీతం ఇచ్చింది!

నాకేమో సిగ్గు. కూర్చుంటే సోమరినని లోకం అనుకుంటుందని సిగ్గు. అందుకని ఆ రోజుల్లోనే చాటుగా పిలుపులు ఒప్పుకోవడం మొదలుపెట్టాను. పులివెందుల వైపు ఒక నూనె మిల్లు ఆసామి ఉండేవాడు. ఆయన భార్యకు జబ్బేమీ లేదు. బలం సూది అంటే ఆవిడకు మహా ఇష్టం. వేయించుకున్నాక వచ్చేపోయేవాళ్లకు చెప్పుకోవడం ఇంకా ఇష్టం. నాకోసం జీపు వచ్చేది. జీపు! దుమ్ము రేపుకుంటూ వచ్చి ఇంటిముందు ఆగితే వీధి వీధంతా తొంగిచూసేది. ఊరికే డాక్టరమ్మ కోసం జీపు వచ్చిందంట అని. ఆ చూపుల కోసం నేను ఏం చేశానో చెబుతాను.

కమల చెవి పొడిచిన రోజు. అప్పటికే కాన్పుకు పుట్టింటికి వచ్చింది, నెలలు నిండుతున్నాయి. కిటికీ పక్కన పీట మీద కూర్చుంది. కమ్మ తీసి ఒళ్లో పెట్టుకుంది. రత్నమ్మ కొట్టుకు పోయింది. నేను గాటు పెట్టి అద్దుతున్నాను. ఎర్రటి మచ్చ. మళ్లీ ఎర్రటి మచ్చ. చిన్నది కావడం లేదు. అప్పుడే వీధిలో జీపు హారను మోగింది.

లేచాను.

"ఇంకా వస్తాంది గదా డాక్టరమ్మా?" అంది కమల, వేలితో తమ్మె తాకి చూసుకుంటూ.

"కమ్మ పెట్టుకునే చోటు కదమ్మా, అలాగే వస్తుంది. ఈ దూది అదిమి పెట్టుకో."

"అమ్మకు ఏం చెప్పల్ల?"

"రక్తం మంచిదే అని చెప్పు."

కమల నవ్వింది. ఎంత నమ్మకంగా నవ్విందో! అక్క పోయిననాటి నుంచి ఆ పిల్ల భయంతో నిద్రపోలేదని తర్వాత తెలిసింది. ఆ రోజు హాయిగా పడుకుందట.

ముద్దనూరు దాటేదాకా ఆ అద్దుడు కాగితం నా గుప్పిట్లోనే ఉంది. తర్వాత నలిపి బయటికి విసిరేశాను. మర్నాడు పోయి మళ్లీ చూడొచ్చు కదా? చూడొచ్చు. ఎందుకు చూడలేదు? చూస్తే నిన్న లేచిపోయానని తెలిసిపోతుంది. అంతే, ఇంకే కారణమూ లేదు. ఎన్నిసార్లు వెతికినా ఇంతకంటే పెద్ద కారణం దొరకలేదు, దొరికితే బాగుండునని ఎంత ఏడ్చానో. ఒక మనిషి ప్రాణానికి ఇంత చిల్లర కారణమా? థూ.

నేను నిజం చెప్పి ఉంటే రత్నమ్మ కమలను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయేది. రక్తమిచ్చేవాళ్లను పక్కన పెట్టుకుని కాన్పు చేయించేవాళ్లం. బతికేదని ఒట్టేసి చెప్పలేను. బతకడానికి దారి మాత్రం ఉండేది. నా మాట నమ్మి ఇంట్లోనే ఓబులమ్మను పిలిచారు. ఓబులమ్మ మంత్రసాని. ఆ వీధి పిల్లల్లో సగంమంది ఆవిడ చేతిమీద పుట్టినవాళ్లే.

బిడ్డ దక్కింది. కమల దక్కలేదు. నాకు కబురు అంది పోయేసరికి చాప, గోనెపట్టాలు, పాత చీరలు అన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆ వాసన ఇంకా నా ముక్కులో ఉంది. రత్నమ్మ ఏడవడం లేదు. నావైపు చూసి, "మంచిదే అన్నావంటనే అమ్మా? చెవిలో చూసి మంచిదే అన్నావంటనే?" అంది.

అప్పుడు చెప్పొచ్చు. ఆ గదిలో, ఆ నెత్తుటి ముందు ఒక్క మాట చెప్పొచ్చు. నేను మూలకు చూశాను. ఓబులమ్మ మోచేతుల దాకా రక్తంతో గోడకు ఒదిగి నిలబడి ఉంది.

"రక్తం మంచిదే రత్నమ్మా" అన్నాను. "తప్పు చేతిలో ఉంది."

చదువుకున్న నోరు కదా, అందరూ నమ్మారు. ఓబులమ్మ కూడా నమ్మింది! తన చేతులకేసి చూసుకుంది. ఆ తర్వాత జమ్మలమడుగులో ఆవిడను ఒక్క గడపా పిలవలేదు. పెద్దముడియం దగ్గర ఏదో పల్లెలో శెనక్కాయలు ఒలిచే కూలికి పోతోందని విన్నాను.

రత్నమ్మ నన్ను మాన్పించిందనుకుంటున్నారా? లేదు. "ఇంగొక తల్లి ఏడవకూడదు" అని ఇంకో ఏడాదికి జీతం ఇచ్చింది. నేను పుచ్చుకున్నాను. ఆ ఏడాది నిజంగానే కూర్చున్నాను, నిజంగానే పని చేశాను. ఆ పని నాకు పేరు తెచ్చింది, దండలు తెచ్చింది. దండ మెడలో పడ్డ ప్రతిసారీ విసిరేసిన ఆ కాగితం గుర్తొచ్చేది. అయినా మెడ వంచేదాన్ని.

కొన్నేళ్లకు ఓబులమ్మ నా దగ్గరికే వైద్యానికి వచ్చింది. కంటి రెప్ప తిప్పి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది.

"ఆ కమల పాపకు నా చెయ్యే తగిలిందంటావా తల్లీ? గోళ్లు తీసేసుకుని, చేతులు కడుక్కునే ముట్టుకుంటిని. నువ్వు శానా సదువుకున్నదానివి, నువ్వు చెప్పు" అంది.

బలం సూది వేశాను. కొంగు ముడి విప్పబోతే వద్దన్నాను. "దుడ్లు లేకుండా ఊరికే ఏసినావా!" అని ఆవిడ నా కాళ్లు ముట్టుకుంది. వెనక్కు తీసుకోవాల్సిన కాళ్లు అక్కడే పెట్టుకుని నిలబడ్డాను. నా బతుకు మొత్తంలో నాకు అన్నిటికంటే అసహ్యమైన ఘడియ అది. కమల చచ్చిపోయిన రోజు కూడా కాదు, అది.

రత్నమ్మ పోయింది. ఓబులమ్మ పోయింది. క్షమించేవాళ్లు ఎవరూ లేరు, ఉన్నా నేను అడగను. కమల బిడ్డ ఎక్కడో ఉంది. ఆడపిల్ల. చిన్నప్పటి నుంచి ఆ పిల్లకు మంత్రసాని చేతి తప్పు వల్ల మీ అమ్మ పోయిందని చెప్పి పెంచి ఉంటారు. ఆ పిల్లకూ నెలసరి పక్షం రోజులు తగ్గదేమో, అది అమ్మ నుంచి వచ్చిందని తెలియదేమో. ఆ ఆలోచన వచ్చిన రోజునే ఇది రాయాలనుకున్నాను, ఆ తర్వాత కూడా ఏళ్లు గడిపాను.

ఇప్పుడు నాకు ఏ పనీ లేదు. ఏ జీపూ రాదు. కిటికీ పక్కన ఊరికే కూర్చుంటాను. కూర్చుంటే అన్నీ కనబడతాయని రత్నమ్మ అన్నది నిజమే.

ఓబులమ్మ చెయ్యి తప్పు చేయలేదు. కమల రక్తం ఆగలేదు. నేను చూశాను, చూసి జీపు ఎక్కాను.