దెగ్లూర్ నుంచి నాందేడ్‌కు: మామ పట్టుకెళ్లిన గుప్పెడు జొన్నలు

నేను నిజామాబాద్‌లో కామర్స్ లెక్చరర్‌గా ఉన్న రోజులవి. కంపెనీలకు చట్టపరంగా, సామాజికంగా ఉండే బాధ్యతల మీద ఏటా ఒక పాఠం చెప్పేదాన్ని. అవే నోట్సు, అవే పాయింట్లు. పిల్లలు పరీక్షలో రాసేవారు, నేను మార్కులు వేసేదాన్ని, అక్కడితో సరి. అలాంటి నేనే ఒక కంపెనీ జోలికి పోవద్దని మా మేనమామకు నచ్చజెప్పడానికి మహారాష్ట్ర సరిహద్దులోని దెగ్లూర్ బయలుదేరాను. నవ్వుకోండి, పర్వాలేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది, కాబట్టి చార్జీలు మారి ఉంటాయి. దారి మాత్రం అదే.

విఠల్ మామది దెగ్లూర్ బజారులో విత్తనాల దుకాణం. ఆ వానాకాలం ఆయన దగ్గర హైబ్రిడ్ జొన్న కొన్న గంగారాం అనే రైతు చేను సగం కూడా మొలవలేదు. అతను నాందేడ్‌లోని వినియోగదారుల ఫోరంలో కంపెనీ మీదా, అమ్మినందుకు మామ మీదా కేసు వేశాడు. కంపెనీ మనిషి దుకాణానికి వచ్చి, రైతు లోతుగా విత్తాడని చెబితే చాలనీ, లేదంటే వచ్చే ఏడు ఏజెన్సీ ఉండదనీ మెత్తగా చెప్పి వెళ్లాడు. ఆ దుకాణం నడిచేదే ఆ ఏజెన్సీ మీద. అత్త ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. "నీ మాటయితే ఇంటడు బిడ్డా. జర నోరు మూసుకొని రమ్మని చెప్పు" అంది.

మధ్యాహ్నం కాలేజీ కాగానే బోధన్ మీదుగా వెళ్లే బస్సెక్కి, పొద్దుగూకే వేళకు దెగ్లూర్‌లో దిగాను. మర్నాడే కేసు విచారణ. ఉదయం ఆరింటికి మామా, నేనూ నాందేడ్ వెళ్లే ఎర్ర బస్సు ఎక్కాం. అక్కడ దాన్ని అందరూ ఎస్టీ అనే అంటారు. టికెట్టు నలభై రూపాయల లోపే, ప్రయాణం రెండున్నర గంటలు. ఎడమ వైపు కూర్చుంటే ఎండ తగలదు. నర్సీలో పది నిమిషాలు ఆపుతారు. అక్కడి వేడి అటుకుల పోహా తినకుండా బస్సెక్కే వాళ్ల మీద నాకు జాలి. దారి పొడుగునా కంకులు వేసిన జొన్న చేలే. మామ ఒక్కసారి కూడా కిటికీ వైపు చూడలేదు.

"నువ్వు అబద్ధం చెప్పకు మామా. ఊకెనే ఉండు. కంపెనీ వకీలే చూసుకుంటడు" అన్నాను.

"గిదేనా నువ్వు కాలేజీల చెప్పేది?"

నాకు ఒళ్లు మండింది. "కాలేజీ వేరే, దుకాణం వేరే" అన్నాను. ఆయన తెల్ల టోపీ సర్దుకుని కళ్లు మూసుకున్నాడు.

బస్టాండు నుంచి ఆటోకు పది రూపాయలు. గ్రాహక్ మంచ్ అని అడగండి, ఫోరం అంటే ఎవరికీ తెలియదు. సరిహద్దులోని బిలోలి వైపు నుంచి వచ్చిన డ్రైవరు మా తెలుగు విని వెనక్కి తిరిగాడు. "కేసు మీరేసిండ్రా, మీ మీద ఏసిండ్రా?" మామ "మా మీదనే" అన్నాడు. "అట్లయితే మీతోని బేరం జెయ్య, పదే ఇయ్యుండ్రి" అని అతను బండి తీశాడు.

పన్నెండు దాటాక మా పేర్లు పిలిచారు. కంపెనీ వకీలు లేచి, చేనులో తేమ లేదనీ, రైతు లోతుగా విత్తాడనీ, పరీక్షకు పంపడానికి అతని దగ్గర గింజ కూడా మిగల్లేదనీ వరసగా చెప్పాడు. నిజమే, గంగారాం ఉన్నదంతా విత్తేశాడు. విత్తనం దాచుకుని ఎవరు సేద్యం చేస్తారు? అతని భార్య తలుపు దగ్గర నిలబడి కొంగు చివర మెలిపెడుతోంది. ఆ ఏడాది వాళ్లింట్లో జొన్న లేదు.

ఫోరం అధ్యక్షుడు మామ వైపు చూసి, "మీరేమంటారు?" అని అడిగాడు. నేను మోచేత్తో పొడిచాను. మామ లేచి, లోపలి జేబులోంచి చిన్న బట్టమూట తీసి బల్ల మీద పెట్టాడు.

వాళ్ల దుకాణంలో తాతల నాటి ఆచారం ఒకటుంది. కొత్త లాటు రాగానే మొదటి సంచి తామే విప్పి, గుప్పెడు గింజలు లేబులుతో సహా మూటగట్టి దేవుడి దగ్గర పెడతారు. ఆ సంచిని అమ్మరు. నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అది భక్తి అనే అనుకున్నాను. మామ మరాఠీలో చెప్పిన మాటల సారాంశం ఇది: "ఈ లాటు గింజలే ఇవి. కేసు కాగితం అందినాక వంద గింజలు తడి గోనెలో చుట్టి చూశాను. ముప్పై మొలిచాయి. ఈ పని అమ్మే ముందే చేయాల్సింది. కంపెనీని నమ్మి చేయలేదు. అది నా తప్పు. ఇతని చేనుది కాదు."

వకీలు ఎగిరి లేచి, దేవుడి గూట్లో గింజలు నమూనా ఎలా అవుతాయన్నాడు. అధ్యక్షుడు ప్రశాంతంగా, "ఆ మాట నిజమే. మరి అదే లాటు నమూనా మీ కంపెనీ దగ్గర భద్రంగా ఉండాలి కదా, తీసుకురండి. రెండూ పరీక్షకు పంపుదాం" అన్నాడు. వకీలు కాగితాలు అటూ ఇటూ తిప్పి వాయిదా అడిగాడు.

బయట చెట్టు నీడన గంగారాం భార్య రొట్టెల మూట విప్పింది. అవి కొన్న గోధుమ పిండితో చేసినవి. గంగారాం మామ ముఖంలోకి చూడలేకపోతున్నాడు.

"సేట్, మనసుల పెట్టుకోకు. వకీలే రెండు పేర్లు రాయాల్నన్నడు."

"రాస్తె రాసినవ్. నీకు గింజలిచ్చింది నేనాయె, నన్ను కాగితంల రెండో నంబరు జేసి కంపెనీని ముందల పెడ్తవా? నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు మామ.

గంగారాం ఫక్కున నవ్వి, అంతలోనే కళ్లు తుడుచుకున్నాడు. మామ అతని రొట్టె తుంచి పచ్చిమిరప దంచిన ఠేచాతో తిన్నాడు. నాకూ ఒకటి ఇచ్చారు. అంత సిగ్గుతో, అంత ఆకలితో నేను ఎప్పుడూ తినలేదు.

కంపెనీ తన నమూనా చివరిదాకా తేలేదు. కొన్ని నెలల తర్వాత వచ్చిన తీర్పు గంగారాం నష్టంలో ఎక్కువ భాగం కంపెనీ మీద, కొంత మామ మీద వేసింది. మామ అప్పీలుకు పోలేదు. ఏజెన్సీ పోయింది, దుకాణం సగమైంది, అత్త నాతో చాలాకాలం మాట్లాడలేదు. ఆమె కోపం న్యాయమే. కంపెనీకి గంగారాం ఒక రసీదు నంబరు. మామకు మాత్రం రేపు సంతలో ఎదురుపడే మనిషి. బాధ్యత అంటే ఏమిటో ఏళ్ల తరబడి బోర్డు మీద రాశాను గాని, దాన్ని నెత్తిన వేసుకున్న మనిషి మా ఇంట్లోనే ఉన్నాడని ఆ రోజే చూశాను. నాకు ఆయనంటే మహా గర్వం.

మీకూ నాందేడ్ గ్రాహక్ మంచ్‌లో పని పడితే దెగ్లూర్‌లో ఆరింటి బస్సే పట్టుకోండి. పేరు ఎప్పుడు పిలుస్తారో తెలియదు కాబట్టి తిండి ఇంటి నుంచే కట్టుకెళ్లండి. రెండు రొట్టెలు ఎక్కువే పెట్టుకోండి, ఎదుటి పార్టీకి కూడా ఆకలేస్తుంది.