గుమ్మం బయటి బండ

టీచరమ్మ పోయిందన్న వార్త మా చర్చి సంఘం పెద్ద నాకు ఫోనులో చెప్పాడు. ప్రత్యేక రాష్ట్రం వచ్చి వారం కూడా కాలేదు, గోదావరిఖని చౌరస్తాలో తోరణాలు ఇంకా విప్పలేదు. "టీచరమ్మ ప్రభువు దగ్గరికి పోయింది చెల్లె," అన్నాడు. ఒక నిట్టూర్పు విడిచాడు. ఆ వెంటనే, "ఆమెది మంచి ఫోటో ఏమన్న ఉన్నదా నీ దగ్గర? ఫ్లెక్సీ కొట్టియ్యాలె, జల్ది పంపు," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మూడేళ్లు ఆ ముసలామెను ఎండలో కూర్చోబెట్టిన మనిషికి ఇప్పుడు ఫోటో కావలసివచ్చింది! ఫోను పెట్టేసి, అప్పుడు ఏడ్చాను.

ఆమెను పొగడడానికి ఇది రాయడం లేదు. పొగడ్తలన్నీ ఆ ఫ్లెక్సీ మీద ఉన్నాయి, కావలసినవాళ్లు పోయి చదువుకోండి.

మా ఊరు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో పోకముందు ఆమె ఊరి బడిలో పంతులమ్మ. భర్త బొగ్గుబాయి దిగి పనిచేసిన మనిషి, తొందరగానే పోయాడు. ఆదివారం మధ్యాహ్నం చర్చిలో పిల్లలందరినీ కూర్చోబెట్టి వాక్యం చెప్పేది. మిగతా టీచర్లు సముద్రం రెండు పాయలైన కథ, సింహాల గుహ కథ చెబితే, ఈమెకు మాత్రం బబులోను చెర నుంచి తిరిగివచ్చి కూలిన గుడిని మళ్లీ కట్టుకున్న యూదుల కథే ఇష్టం. రాజుల గొప్పలూ అద్భుతాలూ లేని కథ అది. మట్టి మోసినవాళ్లూ, రాళ్లు చెక్కినవాళ్లూ, పేర్లకు పేర్లు. కథ మధ్యలో గనిలో బ్లాస్టింగు అయితే కిటికీలు గజగజ వణికేవి. ఆమె నోటిలో మాట అట్లాగే ఆపేది. చప్పుడు సద్దుమణిగాక, ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకునేది.

"గుడి కట్టకముందే వాళ్లు ఏం జేసిండ్రు, చెప్పుండ్రి?" అని అడిగేది. మేమంతా ఒక్క గొంతుతో, "బలిపీఠం పెట్టిండ్రు!" అనేవాళ్లం. "ఎక్కడ?" "పాత జాగల్నే!" చెప్పినవాళ్లకు తలా పిడికెడు బటానీలు. పునాది వేసిన రోజు, పాత గుడిని చూసిన ముసలివాళ్లు బోరున ఏడిస్తే, చూడని పడుచువాళ్లు సంతోషంతో కేకలు పెట్టారట. ఏది ఏడుపో ఏది కేకో ఎవరికీ తెలియలేదట. అది చెప్పేటప్పుడు ప్రతిసారీ ఆమె కొంగుతో కళ్లు తుడుచుకునేది. మాకు నవ్వొచ్చేది. పిల్లలం, మాకేం తెలుసు!

మా పాత చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల కింద ఒక నల్లబండ ఉండేది. మా తాతల కాలంలో గోదావరి ఒడ్డు నుంచి ఎడ్లబండి మీద తెచ్చి పెట్టిన బండ. ఊరు ఖాళీ చేయాల్సిన రోజున మా సంఘం వాళ్లందరూ ఎవరి తలుపులు, ఎవరి దూలాలు వాళ్లు పీక్కునే పనిలో పడ్డారు. బండ సంగతి ఎవరికీ పట్టలేదు. దాన్ని పెకిలించి ట్రాక్టరుకు ఎక్కించింది మేం కాక అని పిలిచే ఒకాయన. టీచరమ్మ భర్తతో ఒకే షిఫ్టు చేసిన మనిషి, ఏటా మల్లన్నకు బోనం చేసే మనిషి, మా సంఘంవాడు కాదు. తనతోపాటు డ్యూటీ చేసే నలుగురిని పిలుచుకొచ్చి గడ్డపారలతో లేపాడు. ఆ బండ కింద నలిగిన ఆయన ఎడమచేతి చిటికెనవేలు ఇప్పటికీ వంకరే.

కొత్త కాలనీలో నాలుగేళ్లు మాకు చర్చి లేదు. టార్పాలిన్ కింద ప్రార్థన. ఈలోపు ఇళ్లకు మార్బుల్ పడింది, గేట్లకు సింహాల బొమ్మలు లేచాయి. టీచరమ్మ ఊరుకుంటుందా! ఇల్లిల్లూ తిరిగి దులిపేసింది. "చెర నుంచి వచ్చినోళ్లు గూడ గిట్లనే జేసిండ్రు. వాళ్ల ఇండ్లకు నున్నటి పలకలు, దేవుని ఇంటికి మొండి గోడలు. ప్రవక్త వచ్చి తిట్టేదాంక లేవలే. మీకు గా ప్రవక్త యాడికెల్లి రావాలె? నేనే తిడుతున్న, లేవుండ్రి!" అలా తిట్టి తిట్టి పునాది దాకా తెచ్చింది.

పునాది రోజు పొద్దున్నే కాక వచ్చాడు. వెనక అదే నలుగురు, భుజాల మీద పారలు, గడ్డపారలు. "బండ మేం దెచ్చినం గదా వదినె, మేమే కూసవెడ్తం. రొండు రోజులు గోడ పని గూడ జేస్తం," అన్నాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. అప్పుడు సంఘం పెద్ద నా చేతిలో ఒక చీటీ పెట్టాడు. "నీ గొంతు మంచిగుంటది చెల్లె, ఈ భాగం చదువు," అన్నాడు.

చదివాను. చదివింది నేనే, ఎవరినో తిట్టి తప్పించుకోను. యూదులు గుడి కడుతుంటే ఆ దేశంలో ఉన్నవాళ్లు వచ్చి, మేమూ మీతోపాటు కడతాం అన్నారు. మీకు ఇందులో పాలూ పొత్తూ లేవు, మేమే కట్టుకుంటాం అని పెద్దలు తిప్పి పంపారు. చీటీ అక్కడితో అయిపోయింది. నేనూ అక్కడే ఆపాను. సంఘం పెద్ద కాక వైపు తిరిగి, "విన్నవ్ గదా అన్న? వాక్యమే చెప్తున్నది. ఏమనుకోకు," అన్నాడు. కాక పార భుజాన వేసుకొని వెళ్లిపోయాడు.

టీచరమ్మ నా దగ్గరికి వచ్చింది. "ఎందుకాపినవ్ బిడ్డా? కింద ఇంకా ఉన్నది గదా. ఒద్దన్నంక ఏమైంది? పని ఆగింది. ఏండ్లకేండ్లు ఆగింది. అది ఎవరు చదువుతరు?" అంది. తర్వాత సంఘం పెద్ద వైపు తిరిగింది. "వాళ్లు చెరల నుంచి అప్పుడే వచ్చిండ్రు కొడుకా, భయంల ఉన్నరు. నీకేం భయం? నీ బండను మోసినోడు నీకు పగోడెట్లయిండు?"

"నువ్వు నేర్పిందే గదా టీచరమ్మ. గీ కథ అప్పజెప్తేనే చిన్నప్పుడు నాకు బహుమతిచ్చినవ్," అన్నాడు అతను. నవ్వుతూ అన్నాడు, సిగ్గులేకుండా. ఆమె నిజంగానే ఇచ్చింది. ఒప్పుకుంది కూడా. "నేర్పిన. సగమే నేర్పిన. నాదే తప్పు. పోయి ఆయనను పిలుసుకరా, ఆయన చేతుల మీద బండ కూసోవాలె. అప్పటిదాంక నేను లోపల అడుగువెట్ట."

ఎవరూ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. చర్చి లేచింది, టైల్స్ పడ్డాయి, గోడ మీద పేర్ల ఫలకం పడింది. బండ లోపలి టైల్స్‌కు నప్పదని గుమ్మం బయటే వదిలేశారు. టీచరమ్మ ప్రతి ఆదివారం తడిగుడ్డతో వచ్చేది, బండ మీద పడ్డ బొగ్గు దుమ్ము తుడిచేది, గొడుగు తెరుచుకొని దాని మీద కూర్చొని వాక్యం వినేది. లోపలికి రమ్మని బతిమాలితే, "చెర నుంచి వచ్చినోళ్లకు ఎజ్రా ధర్మశాస్త్రం చదివింది గుడిల గాదు, బజార్ల. ఆడోళ్లు, పిల్లలు అందరు నిలవడి విన్నరు. నాకు బజారే మంచిగున్నది," అనేది. మేం ఆమెకు పంతం ఎక్కువని చెప్పుకున్నాం. థూ మా బతుకు!

భూస్థాపన రోజు పెట్టెను లోపలికి తీసుకుపోబోతుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "ఆమె రానన్నది. బతికున్నప్పుడు రానిది సచ్చినంక గుంజుకపోతరా?" అన్నాను. "ఇది పంతాలకు టైమా చెల్లె?" అన్నాడు సంఘం పెద్ద. నేను రోడ్డు దాటాను. అవతల మురుగు మోరీ పక్కన కాక నిలబడి ఉన్నాడు, తువ్వాలు చేతిలో పట్టుకొని. "లోపలికి రా కాకా, నీ కోసమే ఆగిన," అన్నాను.

"మూడేండ్ల కింద పిలువకపోతివి బిడ్డా," అన్నాడు. అంతే అన్నాడు. చెంప మీద కొట్టినా బాగుండేది. తర్వాత నా వెనకే వచ్చాడు గానీ మెట్టెక్కలేదు. బండ దగ్గర ఆగి, మోసేవాళ్లతోపాటు వంకరవేలి చేత్తో పెట్టె పట్టి ఆ బండ మీదికి దించాడు. చేసేదిలేక పాస్టరు అయ్యగారు బయటికి వచ్చారు. ఆయన వెనక పాటలవాళ్లు, వాళ్ల వెనక సంఘమంతా వచ్చి ఎండలో నిలబడ్డారు. లోపల ఎవరూ లేరు, ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి. కొందరు పాడారు, కొందరు ఏడ్చారు. ఏది ఏదో నాకు తెలియలేదు.

మొన్న ఆదివారం తడిగుడ్డ పట్టుకొని పోయాను. దుమ్ము తుడిచి బండ మీద కూర్చున్నాను. సంఘం పెద్ద బయటికి వచ్చాడు. "ఇగ నువ్వు మొదలువెట్టినవా? ఇంకెన్ని రోజులమ్మ?" అన్నాడు.

"కాక ఇల్లు మూడో గల్లీల. నడిస్తే అయిదు నిమిషాలు," అన్నాను.

అతను మూడో గల్లీ వైపు చూశాడు. లోపల పాట మొదలైంది. అతను లోపలికి పోలేదు, గల్లీ వైపూ పోలేదు. ఎండ అతని తెల్లచొక్కా మీద పడుతోంది. నేను బండ మీద కొంచెం జరిగి కూర్చున్నాను.